అక్షరాల పక్కన అన్నం

1974 జనవరి 21, సోమవారం

మళ్లీ అదే లెక్క. మళ్లీ తప్పు.

ట్యుటోరియల్‌లో మాస్టారు నా నోటుబుక్కు చూసి తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "సుగుణా, మొన్న శనివారం ఈ లెక్క బోర్డు మీద నువ్వే చేశావు కదమ్మా" అన్నారు. చేశానట. వెనకున్న పిల్లలు కూడా అవునన్నారు. నాకు గుర్తు లేదు. కాస్త కూడా.

మెట్రిక్ రెండుసార్లు తప్పాను. రెండుసార్లూ లెక్కల్లోనే. ఇది మూడోది. నిన్న చర్చి మెట్ల మీద పాస్టరు అయ్యగారు చెప్పారు: "ఈసారి ప్యాసైతేనేనమ్మా నేను టీచర్ ట్రైనింగుకి సిఫారసు రాయగలిగేది. వచ్చే ఏడాదికి నీ వయసు దాటిపోతుంది."

అమ్మ పోయినప్పుడు ఎనిమిదో తరగతిలో బడి మానేశాను. తొమ్మిదేళ్లుగా ప్రెస్సులో ఊళ్లోవాళ్ల పుస్తకాలకి అక్షరాలు పేరుస్తున్నాను. వాళ్ల పేర్ల పక్కన బి.ఏ.లు, ఎం.ఏ.లు నా చేత్తోనే పెడుతున్నాను.

జనవరి 22

పిన్నికి ఒకటే నమ్మకం. నా బుర్రకి బలం లేదు. బలం తిండిలో ఉంది.

"బెండకాయ తింటే లెక్కలొస్తాయే." బెండకాయ వేపుడు. సరస్వతి ఆకు పచ్చడి. నిన్న కొరమీను పులుసు — చేప తింటే తెలివట. అమ్మ స్థానంలో నన్ను పెంచింది. పెళ్లి చేసుకోమని పోరడం మానేసి, ఇప్పుడు తినమని పోరుతోంది.

పొద్దున్నే గిన్నె కట్టిస్తుంది. ఎనిమిదిన్నరకి ప్రెస్సు. అయిదున్నరకి ట్యుటోరియల్. ఇంటికొచ్చేసరికి కళ్లు మూతలు పడతాయి. చదువుకోవడానికి మిగిలేది మధ్యాహ్నం ఒక్కటే. అందుకే అక్షరాల కేసు దగ్గరే తింటాను. ఎడమవైపు గిన్నె. కుడివైపు లెక్కల పుస్తకం. ముందు గళ్లు గళ్లుగా సీసపు అక్షరాలు. ఒక ముద్ద, ఒక లెక్క. ప్రెస్సు యజమాని గుప్తగారు తొందరపెడితే ఒక లైను.

రాఘవులు గారు గోడవైపు తిరిగి తింటారు, అరటిపండూ బెల్లమూ. ముప్పై ఏళ్లుగా కంపోజిటరు. "బావి దగ్గరికి పోయి చేతులు కడుక్కుని తిను తల్లీ" అంటారు.

బావి దాకా వెళ్లొస్తే ఒక లెక్క పోతుంది. కొంగుకి తుడుచుకున్నాను.

జనవరి 26

కడుపులో మెలిపెడుతోంది. మూడు రోజులుగా విరేచనం లేదు. పిన్ని ఆముదం తాగించింది. వాము నమిలించింది.

సెలవు కదా, రోజంతా చదవాలనుకున్నాను. ఒక పేజీ. ఆ పేజీ చివరికొచ్చేసరికి మొదలు ఏముందో...

జనవరి 30

ఇవాళ పేట చివర మలుపులో నిలబడిపోయాను. ఎటు వెళ్లాలో తెలియలేదు. తొమ్మిదేళ్లుగా నడిచే దారి. కిళ్లీ కొట్టాయన "ఏంటమ్మా, ఎవరి కోసం?" అన్నాడు. ఎవరి కోసమూ కాదండీ అన్నాను.

పిన్నికి చెప్పలేదు.

ఫిబ్రవరి 3, ఆదివారం

తింటున్నాను. పొద్దున్న రాగి జావ, మధ్యాహ్నం అన్నం, పప్పు, కూర, సాయంత్రం దారిలో నమలడానికి పొట్లం కట్టిన శనగలు. పనిచేస్తూ కూడా ఒక్కో గింజ నోట్లో వేసుకుంటూనే ఉన్నాను. మాస్టారే చెప్పారు, ఆకలితో చదివితే ఎక్కదని. ఇంత తింటున్నాను. ఎక్కడికి పోతోంది?

చీర నడుము దగ్గర వదులైంది. అద్దంలో మొహం సున్నం కొట్టినట్టుంది.

పిన్ని ఇవాళ చర్చిలో నా కోసం ప్రార్థన చేయించింది. లేచి నిలబడి అందరిముందూ "మా సుగుణకి జ్ఞాపకశక్తి" అంది. నేల చీలితే బాగుండును అనిపించింది.

ఫిబ్రవరి 7

రాఘవులు గారి చేతిలోంచి టీ గ్లాసు పడిపోయింది. పగిలిపోయింది. ఆయన దాన్ని చూడలేదు, చేతిని చూసుకున్నారు. మణికట్టు దగ్గర చెయ్యి వేలాడుతోంది, వాడిన కాడలాగ. ఎత్తబోయారు. లేవలేదు.

"వాతం" అన్నారు. "వయసు."

గుప్తగారు అటు తిరిగి "శుభలేఖల పని సాయంత్రానికి కావాలి" అన్నారు.

ఫిబ్రవరి 12, మంగళవారం

రాఘవులు గారు రాలేదు. ఆయన పని కూడా నాదే.

ద్రాక్షారామం నుంచి కిరాణా వ్యాపారస్తుల తాలూకు మనిషి వచ్చాడు. పెద్దాయన పోయారట, కర్మ పత్రికలు కావాలి. రేపటికల్లా. గుప్తగారు "కంపోజ్ చేసి ప్రూఫు నువ్వే చూసుకుని మిషను ఎక్కించెయ్ అమ్మాయ్, నాకు బజార్లో పనుంది" అన్నారు.

చేశాను. చూశాను. ఎక్కించాను. మధ్యలో పెరుగన్నం తిన్నాను, వర్గ సమీకరణాలు చదివాను. ఇవాళ రెండు లెక్కలు సరిగ్గా వచ్చాయి! చాలా రోజులకి.

ఫిబ్రవరి 15, శుక్రవారం

దేవా.

పొద్దున్న పదకొండుకి ఒకాయన వచ్చి గుప్తగారి బల్ల మీద పత్రిక పెట్టారు. గుండు చేయించుకుని ఉన్నారు. నలభై ఏళ్లుంటాయి. అరవలేదు. "చదవండి" అన్నారు.

గుప్తగారు పైకే చదివారు. "మా తండ్రిగారైన శ్రీ సత్యనారాయణ గారు స్వర్గస్థులైనందున..." కింద "ఇట్లు, వెంకటరత్నం."

"వెంకటరత్నం మా నాన్నగారండి. పోయింది ఆయన. సత్యనారాయణ నేనండి. నేను బతికే ఉన్నాను, చూడండి."

తండ్రి పేరు ఉండాల్సిన చోట కొడుకు పేరు. కొడుకు పేరు ఉండాల్సిన చోట పోయినాయన పేరు. పత్రికలు బంధువులందరికీ వెళ్లిపోయాయట. సత్యనారాయణ గారి అత్తవారి ఊళ్లో ఏడుపులు మొదలయ్యాయట. మామగారు పడుతూ లేస్తూ బస్సెక్కి వచ్చి, గుమ్మంలో అల్లుణ్ని చూసి అక్కడే కూలబడిపోయారట.

"మా అమ్మ చదువుకున్న మనిషి కాదండీ. ఎవరో చదివి వినిపించారు" అన్నారాయన.

గుప్తగారు నావైపు చెయ్యి చూపించారు.

అదే రోజు, సాయంత్రం

ప్రూఫు కాగితం తీసి చూశాను. ఆ తప్పు అక్కడే ఉంది. పెద్ద అక్షరాల్లో. నేను చూశాను, నా సంతకం పెట్టాను. ఎలా చూశాను?

కాగితం అంచున పెరుగు మరక.

గుప్తగారు: "కొత్త పత్రికలు రేపు నువ్వే పట్టుకెళ్లు. వాళ్ల కాళ్లమీద పడతావో ఏం చేస్తావో. ఆ తర్వాత నీ సంగతి మాట్లాడదాం."

ట్యుటోరియల్‌కి వెళ్లలేదు.

ఫిబ్రవరి 17, ఆదివారం

నిన్నటి సంగతి ఇవాళ రాస్తున్నాను. వరసగా రాయాలి. లేకపోతే ఇదీ మరిచిపోతానేమో.

మొదటి బస్సుకి రామచంద్రపురం, అక్కణ్నుంచి ద్రాక్షారామం. ఒళ్లో పత్రికల కట్ట. పిన్ని వస్తానంది, వద్దన్నాను. ఏమీ తినలేదు. తినాలనిపించలేదు.

గుడి వెనక వీధి. అరుగు మీద చాప, చాప మీద ముసలావిడ. నేను ఎవరో చెప్పాను. సత్యనారాయణ గారు కట్ట తీసుకుని లోపలికి వెళ్తున్నారు. ఆవిడ నన్ను దగ్గరికి పిలిచింది.

"నా కొడుకు పేరు అలా పెట్టిన చెయ్యి ఏదమ్మా? చూపించు."

చూపించాను. చెయ్యి చాచాను. కొట్టినా బాగుండును అనుకున్నాను.

"అమ్మా, వదిలెయ్యమ్మా" అన్నారు కొడుకు గుమ్మంలోంచి.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని చూస్తూనే ఉంది. "ఇదేంటే, ఇంత నల్లగా ఉంది? గోళ్లు కూడా... కడుక్కోవా?"

అప్పుడు కడుపులో పోటు వచ్చింది. కత్తి పెట్టి తిప్పినట్టు. వంగిపోయాను. ఆ తర్వాత నా మొహం మీద నీళ్లు, ఎవరో "గాలి, గాలి రానీండి" అనడం...

ఆవిడకి బీపీ చూడ్డానికి డాక్టరు గారు రోజూ వస్తారట. అదే టైముకి వచ్చారు. నా కంటి రెప్ప కిందకి లాగి చూశారు. నోరు తెరవమన్నారు. చిగుళ్లు చూసి, టార్చి వేసి మళ్లీ చూశారు.

"ఏం పని చేస్తావమ్మా?"

"ప్రెస్సులో కంపోజింగండి."

"మధ్యాహ్నం అన్నం ఎక్కడ తింటావు?"

"కేసు దగ్గరేనండి. చదువుకుంటూ... ఎంత చదివినా గుర్తుండట్లేదండి."

"చేతులు కడుక్కుని?"

చేతులు కొంగులో దాచుకున్నాను.

అద్దం తెప్పించి చూపించారు. పళ్ల మొదట్లో చిగుళ్ల వెంబడి నీలంగా ఒక గీత. సన్నంగా, పెన్సిల్‌తో గీసినట్టు. ఎప్పణ్నుంచి ఉందో. నా నోరే కదా. నేనే చూడలేదు.

"ఇది సీసం. ముద్ద ముద్దకీ కాస్త లోపలికి పోతోంది. కడుపునొప్పి దానివల్లే. మతిమరుపు దానివల్లే. నువ్వు మొద్దువి కాదమ్మా."

నువ్వు మొద్దువి కాదమ్మా. ఆ మాటకి ఏడుపొచ్చింది. అంతమంది ముందు, చావు జరిగిన ఇంట్లో, వాళ్ల అరుగు మీద కూర్చుని నేను ఏడ్చాను. ముసలావిడ క్షమించానని అనలేదు. కోడల్ని మాత్రం "మజ్జిగ తే" అంది.

సత్యనారాయణ గారు బస్సు దాకా వచ్చారు. దారిలో ఒక్కటే అన్నారు — "మా మామగారు నన్ను చూసి ఎలా ఏడ్చారో ఎప్పటికీ మర్చిపోలేనండి." తిట్టో, ఇంకేమిటో అర్థం కాలేదు.

ఫిబ్రవరి 18

రాఘవులు గారింటికి వెళ్లాను. మంచం మీద ఉన్నారు. చెయ్యి దిండు మీద పెట్టుకుని.

"మీకు తెలుసా?"

"మా గురువుగారు బెల్లం తినమనేవాడు తల్లీ, అరటిపండు తినమనేవాడు. ఎందుకంటే చెప్పేవాడు కాదు. నేనూ నిన్ను చెయ్యి కడుక్కోమన్నాను."

"ఎందుకో చెప్పలేదు."

"చెప్తే నువ్వు మానేస్తావేమో. నువ్వు మానేస్తే నా పని ఎవరు..." కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తబోయారు. లేవలేదు. వాళ్లావిడ తుడిచింది.

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. దానికి కూడా బలం కావాలి.

ఫిబ్రవరి 21

పెద్దాసుపత్రి. రక్తం తీశారు. మాత్రలు రాశారు. ఆర్నెల్లు కేసు ముట్టుకోవద్దు. పాలు, గుడ్లు, ఆకుకూరలు, రోజూ. పరగడుపున ఎక్కడికీ వెళ్లొద్దు.

పరీక్షకి నెల.

"జ్ఞాపకం తిరిగొస్తుందా డాక్టరు గారూ?"

"కొంత రావాలమ్మా. తొందరపడకు."

కొంత.

ఫిబ్రవరి 22

గుప్తగారు నమ్మలేదు. "ముప్పై ఏళ్లుగా ఈ గదిలోనే కూర్చుంటున్నాను, నాకేం కాలేదే!"

మీరు అక్షరాలు ముట్టుకోరు కదండీ, అనాలనుకున్నాను. అన్నాననుకుంటాను. ఆయన మొహం మారింది కాబట్టి పైకే అని ఉంటాను.

ప్రెస్సు మానేశాను. మాన్పించారో, నేనే మానానో.

ఫిబ్రవరి 23

పిన్ని రెండ్రోజులుగా నాతో మాట్లాడలేదు. ఇవాళ నా గిన్నె ముందేసుకుని ఇసుకతో తోముతోంది. తోమిందే తోముతోంది. దగ్గరికి వెళ్లాను.

"నేనే కదే పెట్టాను" అంది. "రోజూ నా చేత్తో కలిపి పెట్టాను. తిన్నావా అని రోజూ అడిగాను. ఎక్కడ తిన్నావని ఒక్కసారన్నా అడగలేదు."

నీ అన్నం తప్పు కాదు పిన్నీ అన్నాను. వినలేదు. గిన్నె పట్టుకెళ్లి పెరట్లో పాతేసింది. నిజంగానే గొయ్యి తీసి.

ఫిబ్రవరి 27

ఈస్టరు ముందు నలభై రోజుల శ్రమల కాలం మొదలు. పిన్ని ఉపవాసం. నేనూ ఉంటానంటే గరిట ఎత్తింది. "నీ వంతు కూడా నేనే ఉంటాను. నువ్వు గుడ్డు తిను."

గోళ్లు మొదలంటా కత్తిరించుకున్నాను. సబ్బుతో కడిగినా వేళ్ల గీతల్లో నలుపు పోలేదు. చెంచాతో తింటున్నాను. ముప్పూటలా, టైముకి, పీట మీద కూర్చుని. పుస్తకం దగ్గర పెట్టుకోకుండా. తినేటప్పుడు తినడం ఇంత పెద్ద పని అని తెలియదు.

మార్చి 6

మునగాకు, తోటకూర, పొన్నగంటి కూర. మళ్లీ మునగాకు. పాలు.

ఇవాళ ఒక సూత్రం పొద్దున్న చదివి సాయంత్రం చెప్పగలిగాను. పిన్నికి చెప్పాను. ఆవిడకి ముక్క అర్థం కాలేదు, మళ్లీ చెప్పమంది.

మార్చి 9

పోయింది. ఆ సూత్రం.

మార్చి 14

రోజులు చాలవు. మాస్టారు ఇంటికి పిలిచి చెప్తున్నారు. నాలుగు రకాల లెక్కలే పట్టుకోమన్నారు, మిగతావి వదిలెయ్యమన్నారు. నాలుగే. నాలుగూ ఒకేసారి తలలో ఉండవు. ఒకటి లోపలికి వస్తే ఒకటి వెళ్లిపోతోంది.

మాస్టారి భార్య అరటిపండు పెట్టారు. తిన్నాను. ఏది పెట్టినా తింటున్నాను. ఈ తిండంతా ఒక్క మూడు గంటల కోసం. ఆ మూడు గంటలూ నిలబెట్టు దేవా, తర్వాత ఏమైనా చెయ్యి.

మార్చి 20

మిగతా పరీక్షలు ఫరవాలేదు. తెలుగు బాగా రాశాను. తొమ్మిదేళ్లు పేర్చిన అక్షరాలు కదా, చేతికి తెలుసు.

రేపు లెక్కలు.

మార్చి 21, గురువారం

పిన్ని గుడ్డు ఉడకబెట్టింది, పాలు ఇచ్చింది. చర్చి ముందు నుంచి తీసుకెళ్లింది. హాలు బయట వేపచెట్టు కింద ఎండలో మూడు గంటలూ కూర్చుంది.

మొదటి గంట బాగుంది. నిజంగా బాగుంది. మూడు లెక్కలు చకచకా. తర్వాత నాలుగో ప్రశ్న. వాక్యం చదివాను. మళ్లీ చదివాను. అక్షరాలన్నీ తెలుసు, ఏ అక్షరం ఏ గడిలో ఉంటుందో కూడా తెలుసు, అర్థం మాత్రం రావడం లేదు. తెల్లగోడ లాగ. ఎంతసేపు అలా ఉన్నానో. ఇన్విజిలేటరు గారు వచ్చి "నీళ్లు కావాలామ్మా?" అన్నారు. అప్పటికి అరగంట పోయింది.

నీళ్లు తాగాను. వదిలేసి తర్వాతది రాశాను. ఇంకోటి సగం.

ముప్పై అయిదు రావాలి. కూడుకుంటే ఒకసారి ముప్పై రెండు వస్తున్నాయి, ఒకసారి ముప్పై ఎనిమిది. నా కూడిక మీద నాకే నమ్మకం లేదు.

బయటికి రాగానే పిన్ని "ఎలా రాశావే?" అనలేదు. "ఆకలేస్తోందా?" అంది.

మార్చి 29

ఏమీ లేదు. నిద్ర. మాత్రలు. పాలు.

ఏప్రిల్ 2

రాఘవులు గారి రెండో చేతికి కూడా మొదలైందట. వాళ్లావిడ బజార్లో కనిపించి చెప్పింది. అన్నం కలిపి పెడుతోందట. "ముప్పై ఏళ్లు అంతమందికి అక్షరాలు పేర్చాడమ్మా, ఇప్పుడు చొక్కా గుండీ పెట్టుకోలేడు."

ఇంటికొచ్చి కుడిచెయ్యి ఎత్తి చూసుకున్నాను. లేచింది. దించాను. మళ్లీ ఎత్తాను. పిన్ని చూసేదాకా ఎత్తుతూనే ఉన్నాను.

ఏప్రిల్ 7, మట్టల ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి అరుగు మీద గుప్తగారు. చెప్పులు కింద విడిచి కూర్చుని ఉన్నారు. తొమ్మిదేళ్లలో మా ఇంటికి రావడం ఇదే. పిన్ని చేతిలో ఇంకా చర్చిలో ఇచ్చిన ఈతమట్ట ఉంది, దాంతో కొడుతుందేమో అనుకున్నాను. నీళ్లిచ్చింది.

"బళ్లు తెరిచేలోగా గైడ్లు రావాలమ్మాయ్. రాఘవులు ఇంక రాడు. ఇద్దర్ని పెట్టి చూశాను, 'ఖ'కీ 'ఘ'కీ తేడా తెలియదు. నీ ఫలితాలు వచ్చేదాకా అయినా రా."

డాక్టరు గారు ఆర్నెల్లు అన్నారు. రెండు నెలలు కాలేదు. పరీక్ష తప్పితే నాకు ఆ కేసు తప్ప ఇంకేముంది? ప్యాసైతే... ప్యాసైతే అన్న మాట పైకి అనడం కూడా భయంగా ఉంది. ఇంట్లో బియ్యం డబ్బా నేనూ చూస్తున్నాను, పిన్నీ చూస్తోంది.

"కేసు ముట్టుకోనండీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ప్రూఫులు దిద్దుతాను. వేరే గదిలో. కేసు దగ్గర పనిచేసేవాళ్లకి పక్కనే కొళాయి పెట్టించండి. సబ్బు పెట్టండి. ఎందుకు కడుక్కోవాలో నేను చెప్తాను. అన్నం బయట వరండాలో. అందరికీ అరగంట."

కొళాయికి తలూపారు. సబ్బుకి తలూపారు. ప్రూఫులకి కాస్త ఆలోచించి "సరే చూద్దాం" అన్నారు.

"అరగంటా? తినడానికా అమ్మాయ్?"

అవునండీ అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టలేదు. లేవలేదు. వీధిలోకి చూస్తున్నారు. పిన్ని గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఇప్పుడే వస్తానండీ అని లోపలికొచ్చి ఇది రాస్తున్నాను. అరగంటకి ఇంకా ఔననలేదు, కాదనలేదు, అరుగు మీదే ఉన్నారు. ఆయన దగ్గు వినిపిస్తోంది.